తులసీరాం వేసిన దొంగ ధూపం

తిరుపతిలో ఒక పాత కళాభవనంలో తులసీరాం ఇరవై రెండేళ్ళుగా తెర లాగుతున్నాడు. లాగుతున్నాడంటే ఆయన ఒప్పుకోడు. "లాగేది ఎద్దులప్పా. నేను తెరుస్తాను" అంటాడు.

మాటలు కోటలు దాటే మనిషి. శ్రీహరికోటలో ఒకసారి రాకెట్టు ఎగిరిన అదురుకు ఈ భవనంలో తెర దానంతట అదే కదిలిందట. తను పరుగున పోయి తాడుకు వేలాడకపోతే తెరా, దాని ఇనుప కడ్డీ, కింద హార్మోనియం వాయిస్తున్న భాగవతారూ మూకుమ్మడిగా రాకెట్టు వెంట చంద్రుడి దాకా పోయేవాళ్ళట. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు తన ప్రశ్నకు జవాబు చెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆయన పరువు కాపాడటానికి తానే బడి మానేశాడట. జరిగింది వేరు. వాళ్ళ నాయన నగరిలో మరమగ్గాల షెడ్డుకు పిలుచుకుపోయి, చక్రాల మీద జారిపోయే బెల్టులకు నల్లటి ముద్ద రుద్ది పట్టు తెప్పించే పనిలో వేశాడు. ఆ షెడ్డు మూతపడ్డాక తిరుపతి బస్సెక్కి, తిరిగి తిరిగి ఈ తాడు దగ్గరికి చేరాడు.

ఆ తాడులో ఒక గుట్టుంది. పైన తాడు తిరిగే చక్రానికి పగులుంది. మూడు బారలు లాగాక తాడు ఆ పగుల్లో చిక్కుకుంటుంది. అప్పుడు బలంగా గుంజితే ఇంకా బిగుసుకుంటుంది. బెత్తెడు వెనక్కి వదిలి, ఒక ఊపిరి ఆగి మళ్ళీ లాగితే వెన్నలా జారుతుంది. ఈ సంగతి తులసీరాంకి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియనివ్వలేదు కూడా. మేనేజరు మునిశేఖర్ రెండుసార్లు మరమ్మతుకు మనిషిని పిలిపిస్తే, చక్రం బంగారంలా ఉందని చెప్పి రెండుసార్లూ గుమ్మంలోంచే తిప్పి పంపాడు. చక్రం బాగుపడితే తాడు ఎవరైనా లాగుతారు. ఎవరైనా లాగగలిగితే తులసీరాం ఎందుకు?

ఆయన మాటలు నమ్మనిది ఆ భవనంలో ఒక్కతే. పేరు చౌడమ్మ. పదకొండేళ్ళుగా అక్కడ ఊడ్చే పని. రాకెట్టు కథ మొదలుపెట్టగానే చీపురు నేలకు టపటపా కొట్టి, "ఆ పొద్దు నువ్వు తెర యెనకాల గురక పెట్టి నిద్రపోతాండావు. నీ గురకకే తెర కదిలింది" అనేది. జనం పగలబడి నవ్వేవాళ్ళు. పదకొండేళ్ళలో ఇద్దరి మధ్యా ఒక్క మంచి మాట నడవలేదు. ఏటా గంగజాతరకు తులసీరాం బండ వేషం కట్టి, ఆ వేషంలో ఎవరిని తిట్టినా చెల్లుతుంది కాబట్టి తిట్లన్నీ చౌడమ్మ వాకిట్లో నిలబడి కుమ్మరించి వచ్చేవాడు. ఆమె తలుపు తీసి, "అయిపోయినాయా? ఇంకా ఏమన్నా మిగిలినాయా?" అని అడిగి మళ్ళీ తలుపేసుకునేది.

మొన్న జనవరి చివర్లో ఆ భవనానికి ఐరోపా నుంచి ఒక బ్యాలే బృందం వచ్చింది. ఐదు రోజుల ప్రదర్శనలు. మొదటి రెండు రోజులూ పాతకాలపు రాజకుమారుల కథలు, తర్వాతి రెండు రోజులూ ఈ కాలపు నాట్యాలు, ఆఖరి రోజు రెండూ కలిపి. వాళ్ళ రంగస్థలం బాధ్యతంతా హెల్గా అనే ఆవిడది. నలభై ఏళ్ళుంటాయి. చెవి మీద పెన్సిలు, మెడలో ఈల. ఆమె నవ్వు వేరే ఓడలో బయల్దేరిందనీ, అది ఇంకా చెన్నై రేవుకు చేరలేదనీ తులసీరాం మొదటి రోజే తేల్చేశాడు. ఆమె మాటలు తెలుగులోకి మార్చడానికి అమల అనే కాలేజీ అమ్మాయిని పెట్టారు.

తగువు మొదటి గంటలోనే మొదలైంది. వాళ్ళు వేదిక నిండా బూడిదరంగు రబ్బరు చాప పరిచారు. తులసీరాం రోజూలాగే చెప్పులు బయట విడిచి, వేదిక ఎక్కి, నేలను తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ ఉదయమే పగిలిన మడమలకు ఆముదం పట్టించి ఉన్నాడు. చాప మీద ఆయన అడుగులు లక్ష్మీదేవి పాదాల్లా వరసగా అచ్చుపడ్డాయి. ఈల మోగింది. హెల్గా చేతులూపుతూ అరిచింది.

"కాళ్ళు తీయమంటా ఉందన్నా" అంది అమల.

"తీసి యాడ పెట్టుకునేది? సంకలోనా?"

"కిందికి దిగమంటా ఉంది."

"ఇరవై రెండేండ్లుగా ఈ నేల నాకు తెలుసు. ఆయమ్మ నిన్న దిగింది రైలు. ఆయమ్మనే దిగమను."

అమల దీన్ని ఎలా మార్చి చెప్పిందో గానీ, హెల్గా ఒక గుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, నేల చూపించింది. చౌడమ్మ వరండాలోంచి చూస్తూనే ఉంది. "బాగా తుడువప్పా, ఆ మూల ఇంకా మెరస్తా ఉండాది" అంది. మోకాళ్ళ మీద వంగి తన అడుగులు తానే తుడుచుకుంటూ ఉంటే తులసీరాం చెవులు కాలిపోయాయి.

రెండో దెబ్బ అంతకంటే పెద్దది. ప్రతి ఆటకు ముందు వేదిక నాలుగు మూలలా సాంబ్రాణి ధూపం వెయ్యడం ఆయనకు అలవాటు. అది వేయకుండా తెర తీసిన రోజు లేదు. ధూపం మూకుడు పట్టుకుని వస్తుంటే మునిశేఖర్ అడ్డం నిలబడ్డాడు.

"నిప్పు వద్దంటాండారు."

"దూపం సార్. నిప్పు కాదు."

"ఏందైనా సరే. వాళ్ళు ఉండే దాకా ఆ మూకుడు నా కంటపడితే తాడు వదిలేసి గేటు కాడికి పోతావు. ఈ సీజను అయినాక కరెంటు తెర పెట్టుకోమని ఆయమ్మ ముందే చెప్పింది నాకు. నువ్వు ఇంకోటి తగిలించుకోవద్దు."

అంటే తాడు ఇప్పటికే దారపు పోగు మీద వేలాడుతోందన్నమాట. తులసీరాం మూకుడు చల్లార్చి వెనక నీళ్ళ తొట్టి పక్కన బోర్లించాడు. రెండు రోజులు ధూపం లేకుండానే తెర తీశాడు. హెల్గా చెయ్యి దించినప్పుడు తీయాలని ఆజ్ఞ. ఆయన ఒక అర ఊపిరి ముందే తీశాడు. ఎప్పుడు తీయాలో తెరకు తెలుసు గానీ చేతికేం తెలుసు అని ఆయన లెక్క. ఆమె పెన్సిలు విరిగింది. కొండ దిగి బస్సుకు వేళుందని వచ్చి ముందు వరసలో కూర్చున్న గుండ్లు మాత్రం దీపాల వెలుగులో మెరుస్తూ చప్పట్లు కొట్టాయి.

ఆ రెండు రోజులూ ఆయన నాట్యం చూడలేదని కాదు. కాలి బొటనవేలి కొస మీద నిలబడి, బొంగరంలా ముప్ఫై చుట్లు తిరిగే పిల్లను కన్నార్పకుండా చూశాడు. చూసి, "మా నగరిలో మగ్గం కండె దీనికన్నా జోరుగా తిరుగుతాది" అని పెదవి విరిచాడు. ఈ కాలపు నాట్యం సాధన చేస్తుంటే ఇంకా రెచ్చిపోయాడు. బనియన్లు వేసుకుని మూర్ఛ వచ్చినట్టు నేల మీద దొర్లుతున్న వాళ్ళను చూపించి, "ఎవురన్నా బీగాల గుత్తి చేతిలో పెట్టండప్పా, పాపం" అన్నాడు.

రెండో రోజు సాయంత్రమే ఆయన కంట ఆ పెట్టె పడింది. తాడుకు నాలుగడుగుల దూరంలో, తెర చాటున, లోతు లేని చెక్క పెట్టె. అందులో తేనెరంగు పలుకులు. వేదిక మీదికి వెళ్ళబోయే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఆ పెట్టెలో కాలు పెట్టి, ఆ పలుకులను జోడుతో నలిపి, మడమ రుద్ది మరీ పోతున్నారు.

సాంబ్రాణి! దేవుడికి వేసే సాంబ్రాణిని పాదరక్షలతో తొక్కుతున్నారు!

అమలను ఒక్క మాట అడిగితే అసలు సంగతి చెప్పేది. కానీ తులసీరాం పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడిగిన పాపాన పోలేదు. రాత్రంతా పళ్ళు నూరుకున్నాడు. తను ధూపం వేస్తే తప్పట. వీళ్ళు అదే సరుకును కాళ్ళ కింద వేసి తొక్కితే కళ అట.

మూడో రోజు మధ్యాహ్నం బృందమంతా హోటలుకు భోజనానికి పోయింది. మునిశేఖర్ ఇంటికి పోయాడు. తులసీరాం తొట్టి వెనక మూకుడు తీశాడు. అది చాలదని మరో నాలుగు తెచ్చాడు. కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు చేశాడు. చెక్క పెట్టెలోని పలుకులు, దాని పక్కన గుడ్డ సంచిలో దాచిన పలుకులు, అన్నీ ఐదు మూకుళ్ళలో గుమ్మరించాడు. తొక్కిన పాపానికి ప్రాయశ్చిత్తం ఒక భాగం, రెండు రోజుల బాకీ ధూపం రెండు భాగాలు, మిగిలింది హెల్గా మీద కసి.

పొగ దట్టంగా లేచింది. వాసన సాంబ్రాణిలా లేదు. కొత్తగా వార్నీషు కొట్టిన బల్లలా ఉంది. "పైదేశం సరుకు కదా, ఇంతే" అని సర్దుకుని నాలుగు మూలలా తిరిగాడు. తర్వాత కిటికీలు తెరిచి, పంకాలు వేసి, మూకుళ్ళు తొట్టి వెనక దాచి, ఏమీ ఎరగనట్టు తాడు పక్కన కూర్చున్నాడు. మూడింటికి చౌడమ్మ వచ్చి ముక్కు ఎగబీల్చి, "ఏందీ వాసన?" అంది. "నీ మొగం వాసన" అన్నాడు. ఆమె తెరచాటంతా ఊడ్చి పోయింది.

నాలుగింటికి సాధన మొదలైంది. పొడుగు మెడ పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చి ఒంటికాలి మీద తిరగబోయింది. కాలు సర్రున జారింది. తుంటి మీద పడిన చప్పుడు వెనక వరస దాకా వినబడింది. తులసీరాం నవ్వబోయాడు. ఆ పిల్ల లేచి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ కాలు పట్టు దొరక్క గిర్రున తేలిపోయింది.

ఆ జారడం ఆయనకు తెలుసు. నగరి షెడ్డులో చక్రం తిరుగుతూ ఉంటే బెల్టు పట్టు లేక ఊరికే జారేది అచ్చం ఇలాగే. అప్పుడు బెల్టుకు గుగ్గిలం రుద్దేవాళ్ళు. ఆయన చేతికి వచ్చే గుగ్గిలం ఆముదంలో కాచిన నల్లటి ముద్ద. కాచక ముందు అది ఏ రంగులో ఉంటుందో షెడ్డులో పిల్లవాడు ఎందుకు అడుగుతాడు? తేనె రంగులో ఉంటుందని ఇప్పుడు, యాభై ఆరేళ్ళకు, ఒక పిల్ల తుంటి మీద పడ్డాక తెలిసింది. వాళ్ళు సాంబ్రాణిని తొక్కడం లేదు. కాళ్ళకు పట్టు పెట్టుకుంటున్నారు. ఆ పట్టునంతా తను పొగబెట్టేశాడు.

హెల్గా పెట్టె దగ్గరికి పరుగెత్తింది. ఖాళీ. సంచి ఖాళీ. పడిన చప్పుడుకు వచ్చి, పక్కనే చీపురు పట్టుకుని చౌడమ్మ. వేలు నేరుగా చౌడమ్మ వైపు లేచింది. ఈల మోగింది. మునిశేఖర్ పరుగున వచ్చాడు.

"చెత్త అనుకొని ఊడ్చి పారేసినావా?"

"నేను ఆ పెట్టె జోలికే పోలేదు సార్. నా బిడ్డల మీద ఒట్టు."

"నువ్వు గాక ఇంకెవురు ఊడ్చేది? ఈ పొద్దు ఆట ఆగిపోతే నా ఉద్యోగం పోతాది. దానికి ముందర నీది పోవాల. చీపురు ఆడ పెట్టి పో. రేపట్నుంచి రావద్దు."

చౌడమ్మ చీపురును గోడకు ఆనించింది. అది జారితే మళ్ళీ సరిగ్గా నిలబెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

తులసీరాం తాడు పట్టుకుని చూస్తున్నాడు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. తాడు మిగులుతుంది. పదకొండేళ్ళ పగ కాళ్ళ మీద నడుచుకుంటూ గేటు దాటి పోతుంది. ఆయన జీవితంలో చెప్పిన అబద్ధాలు పేరిస్తే అలిపిరి నుంచి కొండ మీదికి మెట్లవుతాయి. కానీ ఒక్క అబద్ధం కూడా ఇంతవరకు ఇంకొకరి అన్నం తినలేదు.

"నేను కాల్చినాను సార్" అన్నాడు.

అందరూ తిరిగారు.

"సాంబ్రాణి అనుకొని నేనే దూపం ఏసినాను. ఐదు మూకుళ్ళు."

మునిశేఖర్ తల పట్టుకున్నాడు. "ఇప్పుడు నీ రాకెట్టు కతలు వినే తీరిక లేదప్పా."

"కత కాదు సార్!"

చౌడమ్మ గుమ్మం దగ్గర ఆగింది. ఆమె కళ్ళు మండుతున్నాయి. "నన్ను కాపాడిన గొప్ప కూడా నీకే కావాల్నా? రేపు టీ అంగడి కాడ నలుగురికి చెప్పుకొనేదానికా? నాకేం అక్కర్లేదు నీ దానం."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నిజం చెబితే కొనేవాడు లేడు. తులసీరాం తాడు వదిలేసి వెనక్కి పోయి, మూకుడు తెచ్చి హెల్గా కాళ్ళ ముందు పెట్టాడు. అడుగున కరిగి గడ్డకట్టిన గుగ్గిలం, బూడిదలో చిక్కుకున్న గాజుపెంకులా మెరుస్తోంది. ఆమె ఒక ముక్క విరిచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసింది. పెన్సిలుతో తలుపు చూపించింది.

"బయటికి పొమ్మంటా ఉందన్నా" అంది అమల, అక్కరలేకపోయినా.

"పోతాను. గంటలో సరుకు తెస్తాను."

"నువ్వు ఇంకేమీ తేవద్దు!" మునిశేఖర్ అరిచాడు. అప్పటికే తులసీరాం సైకిలు ఎక్కేశాడు.

రెండు వీధుల అవతల దేవరాజులు పిండి మర ఇంకా పాత పట్టీ బెల్టుతోనే నడుస్తోంది. బెల్టుకు రుద్దే ముద్దను దేవరాజులు సొంతంగా కాచుకుంటాడు. "కాచనిది ఉంటే ఇయ్యప్పా, పచ్చిది, పలుకులు" అని తులసీరాం రొప్పుతూ అడిగాడు.

"నీకెందుకు? రాకెట్టుకు బెల్టు ఏస్తాండావా?"

"ఐరోపా పిల్లోళ్ళ కాళ్ళకు."

తులసీరాం నిజం చెబుతున్నాడేమోనని దేవరాజులు ఒక్క క్షణం చూసి, మనసు మార్చుకుని పెద్దగా నవ్వాడు. అయినా డబ్బా ఇచ్చాడు.

ఐదున్నరకు డబ్బా హెల్గా చేతికి చేరింది. ఆమె పలుకులు సుత్తితో చితక్కొట్టి పెట్టెలో పోసింది. పొడుగు మెడ పిల్ల కాలు రుద్దుకుని వెళ్ళి ఒంటికాలి మీద తిరిగింది. ఒకటి, రెండు, పది చుట్లు. జారలేదు. హెల్గా ఆ పిల్లకు తల ఊపింది. తులసీరాం వైపు చూడనే లేదు. అమలతో ఏదో చెప్పి పోయింది.

"ఏమంటాది? బాగుండాది అన్నిందా?"

అమల నేల చూసింది. "వేదికకు పది అడుగుల దూరంలో నువ్వు కనిపించకూడదంట."

మిగిలింది మునిశేఖర్ పూర్తిచేశాడు. "సైకిలు స్టాండుకు పో. ఈ అయిదు దినాలకే కాదు, ఇంక ఎప్పటికీ. తాడు చౌడమ్మ పడతాది." ఆమెను ఊరికే తిట్టినందుకు బదులో, ఇంకెవరూ చేతికి దొరక్కో, అలా అన్నాడు.

ఆరుంబావుకు సైకిలు స్టాండులో తులసీరాం టోకెన్లు కడుతున్నాడు. చౌడమ్మ విసవిసా వచ్చి నిలబడింది.

"ఏం మందు పెట్టినావు తాడుకు? మూడు బారలకే బిగుసుకుంటా ఉండాది."

ఆయన తల ఎత్తలేదు. పావుగంట నోరు మూసుకుంటే తెర సగంలో ఇరుక్కుంటుంది. నిండు సభలో హెల్గా ఈల ఊదుతుంది. మునిశేఖర్ ఈ స్టాండుకే పరుగెత్తుకొచ్చి, "దా అప్పా తులసీరామూ" అని చెయ్యి పట్టుకుంటాడు. రాకెట్టు కంటే పెద్ద కథ, అదీ నిజం కథ అవుతుంది. ఆయన ఆ పావుగంటను నోట్లో వేసుకుని చప్పరించి చూశాడు. రుచిగానే ఉంది.

కానీ తెర. సగంలో ఇరుక్కున్న తెర. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తెర నలుగురిలో ఇరుక్కోలేదు. ఎవరి చేతిలో ఉన్నా అది ఆయన తెరే.

"గుంజితే బిగుస్తాది, నీ మాదిరిగానే" అన్నాడు. "పైన చక్రం పగిలి ఉండాది. మూడు బారలు లాగి, బెత్తెడు యెనక్కి వదులు. ఒక ఊపిరి ఆగు. మళ్ళా లాగు. కొంగు నడుముకు బిగించుకో. లేకుంటే తాడుకు చిక్కుకొని నువ్వే పోయి తెర మధ్యన వేలాడతావు, జనం అదే ఆట అనుకొని చప్పట్లు కొడతారు."

"ఇంతేనా?"

"ఇంతే."

ఆమె కొంగు నడుముకు బిగించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆరున్నరకు లోపల దీపాలు ఆరాయి. తులసీరాం సైకిళ్ళ మధ్య నిలబడి చెవి అటు పెట్టాడు. కడ్డీ మీద తెర రింగులు కదిలిన చప్పుడు. ఒక బార. రెండు. మూడు. ఆగింది. ఆయన చెయ్యి దానంతట అది బెత్తెడు వెనక్కి జరిగింది. ఒక ఊపిరి. రింగులు మళ్ళీ కదిలి గోడదాకా ఒక్క కుదుపు లేకుండా జారిపోయాయి. చప్పట్లు మోగాయి.

విరామంలో చౌడమ్మ బయటికి వచ్చింది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాటిని ఊదుకుంటూ ఆయన ముందు నిలబడింది.

"ఇది లాగినందుకేనా ఇరవై రెండేండ్లు అంత ఎగిరినావు? ఆ చక్రం పగులు గురించి సార్‌కు చెప్పేసినా. రేపు పొద్దున్నే కొత్తది ఏస్తారంట. ఇంక పిల్లోళ్ళు కూడా లాగొచ్చు."

తులసీరాం నోరు తెరిచాడు. గంగజాతరకు దాచుకున్న తిట్లన్నీ నాలుక కొసకు వచ్చాయి. ఒక్కటీ సరిపోయేలా కనబడలేదు. ఆయన వెతుక్కునేలోపే ఆమె లోపలికి పోయింది. రెండో భాగానికి గంట మోగింది. మళ్ళీ మూడు బారలు, ఒక ఊపిరి, మళ్ళీ చప్పట్లు.

ఆలస్యంగా వచ్చిన ఒకాయన సైకిలు దిగి, "ఆట మొదలైందా?" అని ఆత్రంగా అడిగాడు.

"అయింది. ఇప్పుడే తెర తెరిచినాను" అన్నాడు తులసీరాం, టోకెన్ కడుతూ.

వచ్చినాయన భవనం వైపు చూశాడు. సైకిలు స్టాండు వైపు చూశాడు. "ఈడ్నుంచా?"

"ఈడ్నుంచే."

ఆయన నవ్వి, టోకెన్ జేబులో వేసుకుని లోపలికి పోయాడు.